వలకర్ర వంతెన మీద మహాసంగ్రామం

సమస్త చరాచర జగత్తూ భోజనానంతర నిద్రాభారంతో తూలుతున్న వేళ, గోడగడియారం రెండుంబావు చూపిస్తూ ఆవులించిన ముహూర్తాన, అటవీ కీటక పరిశోధనశాల రెండో అంతస్తులో, నాఫ్తలీను ఉండల ఘాటు దశదిశలా వ్యాపించిన గదిలో జరిగిన ఘోరరణాన్ని వినండి. దేవతలెవరూ చూడలేదు. కిటికీ మీది పావురం చూసింది గానీ, అదీ సగంలో ఎగిరిపోయింది.

పన్నెండేళ్లు అడవి గాలించి మూడువేల నాలుగువందల పురుగులకు పేరూ ఊరూ రాసిపెట్టిన కీటకలోక చిత్రగుప్తురాలు, చీమల నడవడి మీద మూడువందల పేజీల ఉద్గ్రంథం రచించిన ధీమతి, ఆ గది ఏలిక అయిన శాస్త్రవేత్తమ్మ టీ గ్లాసుతో లోపలికొచ్చి కొయ్యబారిపోయింది. బల్ల మీద తెల్లకాగితం ఉంది. పక్కన చీటీ ఉంది. పురుగు లేదు.

అది రెండు మిల్లీమీటర్ల నల్లపెంకు పురుగు. ఆ జాతిది ఇంకొకటి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఆమె గురువుగారు చివరిసారి అడవికి వెళ్లినప్పుడు, పుచ్చిన మాను బెరడు కింద పట్టారు. చీటీ మీద తేదీ, చోటు ఆయన రాసినవే. ఆ తర్వాత ఆయన మరో చీటీ రాయలేదు. దానికి ఆయన పేరు పెట్టాలని ఆమె పట్టుదల. పురుగే లేకపోతే పేరు దేనికి పెడుతుంది?

అంతలో కనిపించింది శత్రుసేన! ఏడుగురు ఎర్రచీమ మహారథులు ఆ ఎండు కళేబరాన్ని పల్లకీలా ఎత్తుకుని, గోడ పగులనే తమ దుర్గం వైపు దిగిపోతున్నారు. బల్ల కాళ్లు నాలుగూ నీళ్ల గిన్నెల్లోనే ఉన్నాయి, ఆ అగడ్తలు దాటిన చీమ ఇంతవరకు లేదు. కానీ పొద్దున అడవి నుంచి వచ్చిన శాస్త్రవేత్తమ్మ, పురుగులు పట్టే వలను ఆదమరుపుగా బల్లకు ఆనించి వెళ్లింది. అగడ్త తవ్వించిన చెయ్యే వలకర్రతో వంతెన వేసింది!

"ఏంటమ్మా, అలా నిలబడ్డారు?" అంటూ అటెండరు బాబాయి చీపురుతో వచ్చాడు.

"బాబాయ్, కదలకు! ఊపిరి కూడా పీల్చకు!"

"పీల్చకపోతే నన్నూ సూదికి గుచ్చి పెట్టెలో పెడతారు. చీమలేగా? తడిగుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచానంటే..."

"వద్దు! అవి పట్టు వదలవు, ఎండిన పురుగు కాళ్లు ఊడొస్తాయి. కాళ్లు లేకపోతే ఏ జాతో ఎలా చెప్పను?"

అంతట ఆ వీరవనిత మోకాళ్ల మీద వాలి, చెంప నేలకానించి, వలకర్ర దద్దరిల్లేలా గర్జించింది. "ఓ రక్తవర్ణ శూరులారా! మీ క్రమశిక్షణను మూడో అధ్యాయంలో వేనోళ్ల కొనియాడానే! మీ త్యాగానికి ఏడో అధ్యాయం అంకితమిచ్చానే! ఇదేనా కృతజ్ఞత? వదలండి మా సార్ పురుగును!"

చీమలు ఆ ఉద్గ్రంథం చదివినట్టు లేవు. ఒక్కటీ ఆగలేదు. పగులు ఇంకా జానెడు దూరం.

అప్పుడు గుర్తొచ్చింది గురూపదేశం. ఒకనాడు అడవిలో ఆయన అన్న మాట: "చీమతో బలం పనికిరాదమ్మా. ఊపిరి వదులు. ఊదకు, అద్దం మీద ఆవిరి పట్టేంత, అంతే."

బాబాయి తెల్ల పళ్లెం కింద పట్టాడు. ఆమె నిశ్వాసాస్త్రం సంధించింది. తొలి ఊపిరికి సేన ఆగి మీసాలెత్తింది. మలి ఊపిరికి కలవరం పుట్టింది. మూడో ఊపిరికి మహారథులు ఏడుగురూ పల్లకీ పారేసి తలోదిక్కూ పరుగో పరుగు! పురుగు పళ్లెంలో పడింది. ఆ చప్పుడు ఆమెకొక్కదానికే వినిపించింది.

ఆమె భూతద్దంతో పళ్లెం మీదికి వంగింది.

"ఎన్నమ్మా?"

"ఆరు, బాబాయ్! ఆరు కాళ్లూ ఉన్నాయి! రెండు మీసాలు కూడా!"

"పెద్దాయనుంటే మళ్లీ లెక్కపెట్టమనేవారు."

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. ఆ పైన ఇంకోసారి కూడా.

తర్వాత సంధి కుదిరింది: గోడ పగులు ముందు చిటికెడు పంచదార పోశారు, వల మేకుకెక్కింది. జయభేరి మోగలేదు, బాబాయి నీళ్ల గిన్నెలు నింపిన చప్పుడే వినిపించింది. ఆ విధంగా రెండున్నర కావడానికి నిమిషం తక్కువగా, బారెడు వలకర్ర మీద జరిగిన మహాసంగ్రామంలో, మీసంతో సహా ఏదీ పోగొట్టుకోకుండా, రెండు మిల్లీమీటర్ల విజయం సంపూర్ణంగా సిద్ధించింది. టీ మాత్రం చల్లారిపోయింది.