లింగమూర్తి ఇంటికి నడిచొచ్చిన కంపెనీ

పెద్ద కంపెనీ మీద దావా గెలిచి, ఆ డిక్రీ అమలు కాకుండా మిగిలిపోవడం కంటే మనిషికి మేలు చేసేది ఈ లోకంలో మరొకటి లేదు. ఓడినవాడు ఇంటికి పోయి ముసుగు తన్ని పడుకుంటాడు. గెలిచి చేతిలో ఏదో పడ్డవాడు నాలుగు రోజుల్లో దాన్ని తినేసి మళ్లీ మామూలు మనిషవుతాడు. గెలిచి కూడా ఏమీ రానివాడికే జ్ఞానం, ఆరోగ్యం, నలుగురిలో పేరు!

నమ్మరా? అయితే వరంగల్ మట్టెవాడలో మగ్గం నేసుకునే లింగమూర్తి సంగతి వినండి.

నిజాం కాలం, యుద్ధం రోజులు. బియ్యం దొరికినా నూలు దొరకదు. అప్పుడు భాగ్యోదయ నూలు కంపెనీ లిమిటెడ్ అనే మహాసంస్థ స్టేషన్ రోడ్డులో ఆఫీసు తెరిచి, ముందుగా పైకం కట్టినవాళ్లకు మేలురకం నూలిస్తామని చాటింపు వేయించింది. లింగమూర్తి తన భార్య అనసూర్య వెండి కడియాలు కుదువబెట్టి పది కట్టలకు కట్టాడు. ఉన్నది ఒక్క మగ్గం. అది ఆడిన రోజునే ఆ ఇంట్లో పొయ్యి రాజేది.

నూలు రానే వచ్చింది. గంజి పెట్టి మగ్గానికెక్కిస్తే పొద్దస్తమానం తెగిన పోగులు అతకడమే తప్ప జానెడు బట్ట దిగలేదు. ఎన్నేళ్లు ఏ గోదాములో చీకిన సరుకో! మార్చి ఇమ్మని అడగబోతే, అమ్మిన సరుకు వాపసు తీసుకునే ఆచారం మా కంపెనీకి లేదన్నారు.

లింగమూర్తి మెత్తని మనిషి. కానీ ఆలి కడియాలు పోతే మెత్తనివాడికీ పట్టుదల వస్తుంది. మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. కంపెనీవారు రాలేదు, వకీలునూ పంపలేదు. పదకొండు నెలల్లో డిక్రీ అయింది. పది కట్టల మంచి నూలైనా ఇవ్వాలి, దాని వెలైనా ఇవ్వాలి, కోర్టు ఖర్చులు అదనం. లింగమూర్తి వాడకట్టంతా బెల్లం పంచాడు.

"ఇగ నూలెప్పుడిస్తరు వకీలు సాబ్?" అని అడిగాడు తన వకీలు రాజేశ్వర్ రావును.

"డిక్రీ వేరు, అమలు వేరు లింగమూర్తీ. ఇప్పుడు నీకు లగ్గం మాత్రమే అయింది. కాపురం సంగతి ఇంకా ఉన్నది. జర ఫికర్ చెయ్యకు" అన్నాడు రాజేశ్వర్ రావు.

ఇక్కడి నుంచి లింగమూర్తి దశ తిరిగింది చూడండి!

మొదటిది ఆరోగ్యం. ఇరవై ఏళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని మోకాళ్లు పట్టేసిన మనిషి. దవాఖానాకు పోతే ఎర్రనీళ్ల సీసా ఇచ్చేవారు. ఇప్పుడు పేషీ పేషీకీ హనుమకొండ కోర్టు దాకా నడక, సాయంత్రం తిరుగు నడక. ఆరు నెలల్లో మోకాళ్లు కుర్రవాడివైనాయి. ఈ వైద్యానికి ఏ హకీము ఎంత అడిగేవాడు?

రెండోది చదువు. పలక పట్టని లింగమూర్తి నఖల్, దర్ఖాస్తు, దస్కతు, తారీఖు అని తడుముకోకుండా పలకసాగాడు. జడ్జి సాబు దౌరాకు, అంటే క్యాంపుకు, పోయాడనే వాక్యం అతనికి ఉర్దూలో నోటికొచ్చింది. రోజూ వినేది అదే మరి!

మూడోది వేదాంతం. కంపెనీకి నోటీసిస్తే, మాకేం తెలుసు, హైదరాబాదు హెడ్డాఫీసును అడగమంది వరంగల్ ఆఫీసు. మేం పేరుకే, నడిపేది బొంబాయి మేనేజింగ్ ఏజెంట్లని రాసింది హైదరాబాదు. వరంగల్ వ్యవహారాలన్నీ వరంగల్ ఆఫీసే చూసుకుంటుందని రాసింది బొంబాయి. అంతటా ఉన్నది, ఎక్కడా కనబడదు, పిలిస్తే పలకదు. మహర్షులు అడవులకు పోయి తెలుసుకున్న తత్వాన్ని లింగమూర్తి మూడణాల స్టాంపులతో తెలుసుకున్నాడు.

చివరికి జప్తు హుకుం వచ్చింది. జప్తులు చేసే కోర్టు నాజరు, ఆయన వెంట లింగమూర్తి, ఇద్దరి వెనుక సామాను కోసం ఒక ఎడ్లబండి. నాజరు బత్తా, బండి కిరాయి రెండూ గెలిచినవాడే పెట్టుకోవాలి. గెలుపు ఉత్తపుణ్యానికి వస్తుందా?

మేనేజరు లేచి నిలబడి మరీ ఆహ్వానించాడు. చాయ్ తెప్పించాడు. నాజరు కుర్చీ మీద చెయ్యి వేస్తే, అది మేనేజింగ్ ఏజెంట్లదని స్టాంపు కాగితం చూపించాడు. బల్ల అద్దెది, దానికో కాగితం. ఇనప్పెట్టె మేనేజరు మామగారిది, దానికో కాగితం. గోదాములో నూలంతా బ్యాంకుకు తాకట్టు, దానికి కాగితాల దస్తరమే ఉంది. గోడ గడియారం ఒక డైరెక్టరు గారు టైము చూసుకోవడానికి మాత్రమే ఇచ్చిన సొంత సొత్తట!

"మరి మీరు?" అన్నాడు విసిగిపోయిన నాజరు.

"నేను గూడ ఏజెంట్ల మనిషినే సాబ్. నన్ను కంపెనీకి కిరాయికిచ్చిన్రు" అన్నాడు మేనేజరు వినయంగా.

ఇక మిగిలింది గుమ్మం మీది బోర్డు. ఎనిమిదడుగుల పింగాణి రేకు. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు మూడు లిపుల్లో కంపెనీ పేరు. దానికి మాత్రం ఏ కాగితమూ లేదు. నాజరు దాన్నే జప్తు చేశాడు. మేనేజరు కాదనకపోగా నిచ్చెన కూడా ఇప్పించి, అది ఇంటి ఓనరుదని, జర పైలంగా వాడమని చెప్పాడు.

వేలం అయ్యేదాకా జప్తు సొమ్మును ఎవరో ఒకరు భద్రంగా ఉంచాలి కదా! కోర్టులో జాగా లేదు. లింగమూర్తి వేలిముద్ర వేయించుకుని బోర్డు అతనికే అప్పగించారు. గీత పడినా, సొట్ట పడినా జైలని చెప్పారు.

బోర్డు ఇంటికొచ్చింది. ఇల్లా, ఒక్కటే గది. గదిలో సగం మగ్గం, మిగతా సగంలో సంసారం. మగ్గం పక్కన ఆనించబోతే అనసూర్య అడ్డుపడింది.

"అక్షరాలున్న దానికి కాళ్లు తగుల్తయి. సదువులతల్లి కండ్లు పోగొడ్తది. బయట, సూరు కింద పైకి కట్టు."

మీరూ నేనూ అయితే బోర్డును గోడకు బోర్లించి, దాని మీద తడిబట్టలు ఆరేసుకునేవాళ్లం. వీళ్లు భక్తిపరులు. లింగమూర్తి కొత్త తాళ్లు పేని, అక్షరాలు తలకిందులు కాకుండా పక్కింటివాళ్లతో సరిచూపించుకుని, గుమ్మం మీద కట్టాడు.

అప్పుడు మొదలైంది పేరు! తపాలావాడు బొంబాయి ఉత్తరాలు తెచ్చి లింగమూర్తి చేతిలో పెట్టాడు. ఇంటర్ ఫెయిలైన ఇద్దరు గుమాస్తా ఉద్యోగం అడిగిపోయారు. మండి బజారు సేట్లు రోడ్డు మీద ఆగి, మట్టెవాడలో బ్రాంచి పెట్టారా అని నమస్కారాలు చేశారు. వేలం మాత్రం వాయిదా మీద వాయిదా పడింది. పరాయి కంపెనీ పేరున్న బోర్డును ఎవడు కొంటాడు?

ఈ వైభవం మధ్య లింగమూర్తి మేనమామ దగ్గర నూలు అప్పు తెచ్చి చీర మొదలుపెట్టాడు. అది అమ్ముడైతే కడియాలు విడిపించాలి. చీర కొంగు దాకా వచ్చింది. ఇక రెండు మూరలు ఉందనగా, వాకిట్లో ఎడ్లబండి ఆగింది.

దిగింది ఆ నాజరే. వెంట తొర్రూరు రైతు యాకయ్య. ఏడెనిమిది బస్తాల పత్తి భాగ్యోదయ కంపెనీకి పోసి, పైసలు రాక, అతనూ దావా వేసి గెలిచాడు. గెలిచి రెండేళ్లయింది. స్టేషన్ రోడ్డుకు పోతే అక్కడ ఆఫీసు లేదు. కంపెనీ మట్టెవాడకు మారిందని అడిగినవాళ్లందరూ చెప్పారు.

"కంపెనీ బోర్డున్న మకాంల సామాను జప్తు చెయ్యాలని హుకుం" అన్నాడు నాజరు.

"బోర్డు మీరే గద సాబ్ నాకిచ్చింది."

"ఉంచుమని ఇచ్చిన. కట్టుమన్ననా? నాకెరికే లింగమూర్తీ. గని నాకెరికైంది హుకుంల రాసి లేదు."

"మగ్గం నాది సాబ్. నేతగాని మగ్గం జప్తు చెయ్యొద్దని కానూన్ ఉన్నదని వకీలు సాబు చెప్పిండు."

"నేతగానిదైతే చెయ్యొద్దు. కంపెనీదైతే చెయ్యొచ్చు. నీదని కాయిదం ఉంటే చూపు, వాపసు పోత."

లింగమూర్తి మగ్గం వైపు చూశాడు. "మా తాత తుమ్మ మొద్దు కోసి చేసిండు. మా నాయిన నేసిండు. దీనికి కాయిదం ఎవలిస్తరు సాబ్?" అన్నాడు.

మేనేజరు లాంటి తెలివి ఒక్క చిటికెడు ఉన్నా, మగ్గం బావమరిదిదనో, గుంత ఇంటాయనదనో రాయించి పెట్టుకునేవాడు. తన వస్తువును తనది కాదని రాయించుకోవాలని అతనికి తోచనే లేదు.

యాకయ్య తల దించుకున్నాడు. "అన్నా, మగ్గం నేనేం జేసుకుంట? నా పత్తి పైసలడిగిన, గంతే" అన్నాడు. వద్దంటే డిక్రీ మురిగిపోతుందని నాజరు చెప్పాడు. రెండేళ్లు తిరిగినవాడు, అప్పులవాళ్లు ఇంటి మీద ఉన్నవాడు, వద్దనలేకపోయాడు.

"రెండు మూరలే ఉన్నది సాబ్. పొద్దుగూకే వరకు దించుతం. చీర తీసినంక మగ్గం కొండవోన్రి" అని అనసూర్య చేతులు జోడించింది.

బండి కిరాయి గంటల లెక్క. నాజరు ఆగలేదు. మగ్గం విప్పాలంటే పడుగు కొయ్యాలి. పరాయివాడి చేత కోయించడం ఇష్టం లేక, లింగమూర్తే కత్తి తీసుకుని, నేసిన చెయ్యితోనే ఒక్కొక్క పోగూ కోశాడు. అనసూర్య గోడ వైపు తిరిగి ఏడ్చింది. మగ్గం కర్రలు, కోసిన చీర బండికెక్కి తొర్రూరు దారి పట్టాయి.

ఆ సాయంత్రమే నాజరు కోర్టుకు రిపోర్టు రాశాడు. భాగ్యోదయ నూలు కంపెనీ లిమిటెడ్ మీద డిక్రీ అమలు జరిగిందని, కంపెనీ సొత్తు మగ్గం ఒకటి, తెగిన చీర ఒకటి స్వాధీనమైనాయని.

కాబట్టి పెద్ద కంపెనీల మీద డిక్రీలు అమలు కావని గొణిగేవాళ్లు ఇకనైనా నోరు మూసుకోవాలి. దివ్యంగా అమలవుతాయి! ముందు ఆ కంపెనీ ఒక పేదవాడి ఇంట్లో కాపురం పెట్టాలి, అంతే.