ఖాళీ టైమర్

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని చిన్నదే. పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెను చూడటానికి పదకొండింటికి డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ సరేనంటే రెండేళ్ల శ్రమ ఆసుపత్రికి చేరుతుంది, కాదంటే అటకెక్కుతుంది. ఈలోగా పెట్టెను నడిపే ప్రోగ్రాం, అంటే కెర్నల్ డ్రైవర్‌లో ఎనిమిది హార్డ్‌వేర్ టైమర్లకు అర్థమయ్యే పేర్లు పెట్టాలి. ఆ డ్రైవర్ రాసిన మేనమామ, వర్క్‌షాపు యజమాని కూడా ఆయనే, వాటికి వట్టి అంకెలు వేసి చేతులు దులుపుకున్నాడు.

గోరంత చిప్‌లో కూర్చుని ఒక్కో టైమరూ సెకనుకు ఎనభై లక్షలు లెక్కపెడుతుంది, అలుపన్నది లేకుండా. తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు పులకరిస్తుంది. 'అలారం', 'తెర', 'వేడి కొలత' అంటూ ఏడింటికి శ్రద్ధగా పేర్లు పెట్టింది. వాటిలో ఫ్యానూ హీటరూ లేవేమిటని ఆ హడావిడిలో తట్టలేదు. ఎనిమిదోదానికి మాత్రం ముందే పేరుంది: 'ఖాళీ'.

"మావయ్యా, ఈ ఖాళీదాంతో ఓ పచ్చదీపం మినుకుమినుకుమనిపించనా? డాక్టరమ్మకి ముచ్చటగా ఉంటుంది."

"కానివ్వవే. ఊరికే పడుంది పాపం."

దీపం సెకనుకోసారి వెలిగింది. దానితోపాటే ఫ్యాను సెకనుకోసారి ఉలిక్కిపడింది. పరీక్ష కోసం లోపల పడుకోబెట్టిన బొమ్మ చల్లబడసాగింది. అలారం గొంతు చించుకుంది.

"ఏం చేశావే?"

"దీపం పెట్టాను, అంతే."

వర్క్‌షాపులో వైర్లు బిగించే ఫిట్టర్ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. "ఫ్యాన్ని ఆ ఖాళీదానికే తగిలించానమ్మా. రెండ్రోజులకే కదా అనుకున్నా."

"ఎప్పుడు?"

"నిరుడు."

మేనమామ గొంతు సవరించుకున్నాడు. "హీటర్ని నేను తగిలించాను. అంతకు ముందేడు. మరిచేపోయా."

ఆమెకు కోపం రాలేదు. నోరు తెరుచుకుని ఆ చిప్‌నే చూస్తూ నిలబడిపోయింది. ఒక్క లెక్క తప్పకుండా రెండింటి బరువూ మోస్తూ, ఖాళీ అనిపించుకుంటూ ఇన్నాళ్లున్నది అదన్నమాట. చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది.

"ఏమిటా గోల?" గుమ్మంలో డాక్టరమ్మ.

"ఊరికే పరీక్షిస్తున్నామండీ," అన్నాడు మేనమామ.

"కాదండీ, తప్పు మాదే," అని ఆమె జరిగిందంతా చెప్పేసింది. మేనమామ కుర్చీలో కూలబడ్డాడు.

డాక్టరమ్మ పెట్టెలో చెయ్యిపెట్టి చూసింది. "ఫ్యాను తడబడ్డ ఎంతసేపటికి అరిచింది?"

"వెంటనే అండీ."

"మా దగ్గరున్నవి గుట్టుచప్పుడు కాకుండా ఆగిపోతాయి. దీన్ని సరిచేసి సోమవారం తీసుకురండి. ఆ పేర్ల పట్టిక కూడా." వెళ్లబోతూ ఆగింది. "ఎనిమిదోదానికి ఇప్పుడేం పేరు పెడతావమ్మా?"

"'హీటర్-ఫ్యాన్' అండీ. చేసే పనే పేరు."

"నేనూ వెళ్లి ఒకటి సరిచేయాలి. మా డ్యూటీ పట్టికలో అందరి పనీ మోసే ఒక నర్సు పేరెదురుగా ఆరేళ్లుగా 'ఖాళీ' అనే ఉంది."