అద్దెకున్న కార్డు, అందని కబురు

ఆఫీసుకు బయల్దేరుతూ ఇంజనీరు భార్య గుమ్మంలో ఆగింది. "ఏవండీ, ఇవాళ తమ్ముడికి ఇంటర్వ్యూ. ఇప్పుడే లేపితే మళ్లీ పడుకుంటాడు. వాడి ఫోనేమో రిపేరులో ఉంది. నేను మీకు ఫోన్ చేస్తా, వెంటనే లేపండి."

"నేనున్నాగా!" అన్నాడు ఇంజనీరు, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

ఆయన ధీమాకు కారణముంది, కబుర్లు చేరవేయడమే ఆయన పని. ఆ లాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన ఇంకో కంప్యూటరు కాపురముంది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా దానికే అప్పగించారు. చిక్కల్లా, కరెంటు పోతే "బ్యాటరీ మీద ఉన్నాం, తగ్గించుకో" అనే కబురు బయటి కంప్యూటరుకే, అంటే లాప్‌టాప్‌కే వస్తుంది. కార్డు నా దగ్గర లేదుగా అని అది ఊరుకుంటుంది. సంగతి తెలియని కార్డు బ్యాటరీని పీల్చి పిప్పిచేస్తుంది. ఆ కబురును లోపలికి చేరవేసే కోడు ఇంజనీరు రాశాడు. మేనేజరు దాన్ని ఒకసారి తిప్పికొట్టాడు. ఇవాళా తప్పితే ఈ పని ఇంకొకరి చేతికి పోతుంది.

పై అంతస్తులో ఉండే మేనేజరు ఆ కోడును మళ్లీ పరీక్షించడానికి కాఫీ కప్పుతో దిగివచ్చాడు.

"కబురు ఎవరికొచ్చిందని కాదు సార్, ఎవరికి చేరాలన్నదే ముఖ్యం," అని ఇంజనీరు అందుకోగానే భార్య ఫోను. కట్ చేశాడు. మళ్లీ మోగింది. సైలెంట్‌లో పెట్టాడు. "చూడండి సార్, ప్లగ్గు పీకుతున్నా!"

ఏమీ కాలేదు. చిక్కుపడ్డ వైర్లలో ఆయన పీకింది ప్రింటరుది.

"మీ కబురు దారిలో కాఫీకి ఆగినట్టుంది," అన్నాడు మేనేజరు.

ఇంజనీరు తప్పెక్కడుందోనని కోడంతా వెతకసాగాడు. అంతలో కాలింగ్ బెల్లు. పక్కింటి పిన్నిగారు. "నాయనా, మీ ఆవిడ ఫోన్ చేసి..."

"తర్వాత, పిన్నిగారూ!" అని తలుపు వేసేశాడు. పాపం, పిన్నిగారు ఆ సంగతే ఆయన భార్యకు ఫోన్లో విన్నవించుకుంది.

"అయితే కింద మీటరు దగ్గర మా మెయిన్ స్విచ్ దించేయండి పిన్నిగారూ," అంది ఇంజనీరు భార్య. "ఫ్యానాగితే మావాడు క్షణం పడుకోడు."

ఇల్లంతా ఆరిపోయింది. లాప్‌టాప్ మాత్రం వెలుగుతోంది. లోపలి కంప్యూటరు తెర మీద అక్షరాలు వచ్చాయి: 'బ్యాటరీ మీద ఉన్నాను. కార్డు జోరు తగ్గించాను.'

"చేరింది సార్!" ఇంజనీరు గంతేశాడు.

"ఒక్క ప్లగ్గుతో సరిపెడతారనుకున్నా. ఇల్లు మొత్తం ఆర్పి చూపించారే! టెస్టంటే ఇదీ. పాస్!"

పడగ్గది తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ బామ్మర్ది. "బావా, అక్క ఫోన్ చేయలేదా?"

మేనేజరు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు ప్రింటరు వైపు చూశాడు. బామ్మర్ది మెట్ల మీదే చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తి, ఎలాగో ఇంటర్వ్యూ అందుకున్నాడు.

సాయంత్రం భార్య ఆ కోడు గొప్పతనమంతా ఓపిగ్గా విని, రేపటి నుంచి తమ్ముణ్ణి లేపే పని లాప్‌టాప్‌కు అప్పగించింది.