జోలపాటకు డ్రమ్ములు

ఆ ఉదయం డ్రమ్మర్ పిడుగు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పసిపిల్లల్ని నిద్రపుచ్చాలి, మధ్యాహ్నానికి బ్యాండ్ రిహార్సల్‌కు చేరాలి, సాయంత్రం కచేరీలో జనం చెవులు చిల్లులు పడేలా వాయించాలి.

రాక్ బ్యాండ్‌లో డ్రమ్ములు బాదేవాడికి పసిపిల్లలతో ఏం పని అంటారా? అతని భార్య అక్క పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడుపుతోంది. ఆవిడ అడిగిందని ఓసారి కుంచెల్లాంటి మెత్తటి పుల్లలతో జోలకు తాళం వేశాడు. తను వాయించింది తనకే వినిపించడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఆ సుఖానికి అలవాటుపడిపోయాడు.

చిక్కల్లా బ్యాండ్ పెద్దతోనే. పాడేదీ, అరిచేదీ, నిబంధనలు పెట్టేదీ ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని గొంతు అంటారు. తన బ్యాండ్‌లో ఉన్నవాడు బయట వాయించకూడదన్నది ఆయన శాసనం. పిడుగు ఇప్పటికే రెండుసార్లు దొరికిపోయాడు, ఒకసారి బొమ్మలాట వాళ్ల దగ్గర, ఇంకోసారి ముసలివాళ్ల కసరత్తు తరగతిలో. మళ్లీ దొరికితే డ్రమ్ముల ముందున్న స్టూలు ఖాళీ చేయాల్సిందే. ఆ స్టూలు తప్ప అతనికి వేరే బతుకు తెలియదు.

అందుకే పొద్దున్నే ఫోన్ చేసి, "అన్నా, మణికట్టు పట్టేసింది. మధ్యాహ్నం దాకా కదపొద్దన్నాడు డాక్టరు," అని మూలిగాడు.

"అయ్యో! సరే, పడుకో. ఇక్కడ నేనూ నిద్రలేక చస్తున్నాలే," అన్నాడు గొంతు.

పిడుగు ఆ రెండో మాట పట్టించుకోలేదు. కేంద్రానికి వెళ్లి, డ్రమ్ముల ముందు కూర్చుని పుల్లలు చేతపట్టేసరికి గుమ్మంలో గొంతు! ఆయన భుజాన గుక్కపట్టి ఏడుస్తున్న కొడుకు. పిడుగు బొమ్మల బుట్టలోంచి ఏనుగు ముసుగు లాగి తలకు తగిలించుకున్నాడు.

"వీడు వారం నుంచి కన్ను మూయట్లేదమ్మా. ఇక్కడ ఇట్టే పడుకోబెడతారట కదా?" అన్నాడు గొంతు.

"మా ఏనుగు ఉందిగా, మీరలా కూర్చోండి," అంది వదిన. పిడుగు దగ్గరికొచ్చి, "ముసుగెందుకు మరిదీ, ఉక్కపోయట్లేదూ?" అంది.

"మెల్లగా వదినా! నా ఉద్యోగం పోతుంది," అని ముసుగులోంచి గొణిగాడు.

పుల్లలు కదిలాయి. పిల్లలంతా ఒరిగిపోయారు. గొంతు కొడుకూ నిద్రపోయాడు. కాసేపటికి గొంతు కూడా గుర్రుపెట్టాడు. ఇదే అదనని పిడుగు లేవబోయాడు. తాళం ఆగగానే పసివాడు రాగం అందుకున్నాడు, తండ్రి కదిలాడు. పిడుగు చచ్చినట్టు మళ్లీ కూర్చున్నాడు. ఎన్నిసార్లు లేచినా అదే తంతు.

రిహార్సల్ వేళ దాటింది. గిటారువాడి దగ్గర్నుంచి సందేశం వచ్చింది: "పెద్దాయన లేడు, నువ్వూ లేవు. నీ చెయ్యి ఎలా ఉందో చూడ్డానికి మీ ఇంటికొస్తున్నాం."

పిడుగు ఒక చేత్తో వాయిస్తూ, రెండో చేత్తో జవాబు కొట్టాడు: "రావద్దు. ఇంట్లో నిద్రపోతున్నా."

"మీ ఇంట్లోనే ఉన్నాం. మీ ఆవిడ టీ ఇచ్చింది. ఏ గదిలో నిద్రపోతున్నావ్?"

కంగారులో పాట ముగించేయబోయాడు. అదే కొంప ముంచింది. పాట చివర పుల్లను గాల్లోకి విసిరి, పట్టుకుని, పక్కనున్న ఇత్తడి సింబల్ పగిలేలా కొట్టడం అతని చేతికి అలవాటు. అతను వద్దనుకునేలోపే చెయ్యి ఆ పని చేసేసింది. పిల్లలంతా లేచి గొల్లుమన్నారు.

గొంతు ఉలిక్కిపడి లేచాడు. "ఈ దెబ్బ నాకు తెలుసు! తియ్యి ముసుగు!"

తీశాడు.

"మణికట్టు తగ్గిందా?"

"కాస్త నయం అన్నా."

"ఇది మూడోసారి! ఇవాళ్టి నుంచి నువ్వు..." కొడుకు ఏడుపులో ఆ మాట కొట్టుకుపోయింది. గొంతు తల పట్టుకున్నాడు. "ముందు కూర్చుని వాయించి చావు. తర్వాత తీసేస్తా."

పిడుగు ఏడుపు ఆపుకుంటూ వాయించాడు. పసివాడు నిద్రపోయాడు. గొంతు కొడుకు మొహంకేసి చాలాసేపు చూశాడు.

"నిబంధన నిబంధనే," అన్నాడు గుసగుసగా. "మనవాడెవడూ బయట వాయించకూడదు. కాబట్టి రేపట్నుంచి బ్యాండ్ మొత్తం ఇక్కడే వాయిస్తుంది."

ఇప్పుడు గొంతు జోలలు పాడతాడు, గిటారువాడు వేలికొసలతో మీటుతాడు. ఇలాంటి కేంద్రాల నుంచి పిలుపులు ఎక్కువై కచేరీలు మానేశారు. పిడుగు మాత్రం, గొంతుకు తెలియకుండా నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టుకునే చోటు బయటెక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు.