ఇండోనేషియా కోసం ఆగిన గెలలు

ఆ ఉదయం చెంచురామయ్య అనుకున్నది ఒక్కటే. అశ్వారావుపేట తోటలో పామాయిల్ గెలలు కోయించి ఫ్యాక్టరీకి తోలించాలి. ఆ లోడు వెళ్తేనే కాలిపోయిన బోరు మోటారు బాగయ్యేది, ఎండుతున్న చెట్లకు నీళ్లందేది. పోతయ్య కోత కూలీల ముఠా కొడవళ్లు పట్టుకుని వచ్చేసింది కూడా.

కానీ ఆయనకు విదేశాంగ విధానం పిచ్చి పట్టి చాలా కాలమైంది. పళ్లయినా తోముకోకుండా బ్లాగులు చదవాలి, చదివిన ప్రతిదాని కిందా తన అభిప్రాయం పారేయాలి. ఆ పూట ఒక బ్లాగులో "పామాయిల్ ఎగుమతులు ఆపనున్న ఇండోనేషియా" అని కనిపించింది. ఇంకేముంది, పరుగున తోటకొచ్చాడు.

"ఆపండి పోతయ్యా! ఇండోనేషియా ఎగుమతులు ఆపేస్తోంది. రేటు ఆకాశానికి పోద్ది. తర్వాత కోద్దాం!"

"గట్లెట్ల సారూ? రేపటిసంది వేరే తోటకు మాటిచ్చినం. మల్ల మేం దొరకం."

"దొరక్కపోతే పోండి!"

వెంటనే బ్లాగు కింద, "మా ప్రాంత రైతులు కోతలు ఆపేశారు" అని రాశాడు. రైతులంటే ఆయనొక్కడే. మర్నాడు అదే బ్లాగులో "తెలంగాణలో కోతలు బంద్" అని వచ్చింది. చెంచురామయ్య భార్య ముందు ఎగిరి గంతేశాడు.

"చూశావా నిర్మలా! రాష్ట్రమంతా ఆగింది!"

"రాష్ట్రం సంగతి నాకు తెలీదండీ. మన కాయలు రాలిపోతున్నాయి, అడవి పందులు పండగ చేసుకుంటున్నాయి. ఆ ఫోను అవతల పారేసి మనుషుల్ని పిలవండి!"

"దౌత్యం అంటే ఓపిక ఉండాలే!" అని, "బంద్ కొనసాగుతోంది" అని మళ్లీ రాశాడు. బ్లాగు దాన్నీ వార్త చేసింది. ఆయన దాన్నీ నమ్మాడు.

వారం గడిచినా ఇండోనేషియా కిమ్మనలేదు. గెలలు మాత్రం నల్లబడి కుళ్లాయి. కాళ్లావేళ్లా పడి కూలీలను తెచ్చి లోడెత్తిస్తే, ఫ్యాక్టరీ గేటు దగ్గరే ట్రాక్టరును వెనక్కి తిప్పేశారు. కడుపు మండి, అక్కడి నుంచే ఆ బ్లాగు నడిపే జయప్రకాశ్‌కు ఫోను చేశాడు.

"ఏవయ్యా, ఆ ఇండోనేషియా వార్త నీకెవడు చెప్పాడు?"

"మీరేనండీ! 'ఇండోనేషియా ఎగుమతులు ఆపే రోజు దగ్గరపడింది' అని కిందటి నెల నా పోస్టు కింద రాశారు కదా. పామాయిల్ రైతు, తెలిసే రాసుంటారని వేసేశా. బంద్ ఎలా సాగుతోందండీ?"

చెంచురామయ్య ఫోను పెట్టేశాడు. మోటారు లేదు, పంట లేదు, ఇంటికెళ్లి నిర్మలాదేవి మొహం చూసే ధైర్యమూ లేదు. ట్రాక్టరు చక్రానికి ఆనుకుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

ఇండోనేషియాలో మాత్రం ఆ వారమంతా గెలలు మామూలుగానే కోశారు.