చమేలీకి మాత్రమే తగిన వైద్యం

ఒక గుర్రం ఉబ్బసం మరో గుర్రం ఉబ్బసం కాదని మన ప్రభుత్వం కనిపెట్టింది. ఇకమీదట ఒక గుర్రం మందు మరో గుర్రానికి పొయ్యరాదనీ, దాని తిండి, కొట్టం, పని విచారించి దానికంటూ ప్రత్యేకంగా వైద్యం నిర్ణయించాలనీ ఉత్తర్వు వచ్చింది. (మనుషుల దవాఖానలో మాత్రం అందరికీ ఒకే జాడీలోని ఎర్రమందు పోస్తారు. మనుషులు సర్దుకుపోగలరు.)

బెల్లంపల్లిలో టాంగా తోలే అబ్బాస్ ఈ కబురు విని సంబరపడ్డాడు. అతని ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే గుర్రం చమేలీ, కొట్టంలో నిలబడితే చాలు, డొక్కలెగరేస్తూ ఆయాసపడేది. దాన్ని పశువుల దవాఖానకు నడిపించుకుపోయాడు. దవాఖాన ఊరి బయట, మంచి గాలిలో ఉంది. అక్కడికి చేరేసరికి చమేలీకి ఊపిరి చక్కగా ఆడసాగింది.

"రోగమేదయ్యా?" అన్నారు అశ్వశ్వాస ప్రత్యేకాధికారి వేంకటరత్నంగారు.

"కొట్టంల ఉంటది సాబ్. జర ఇంటికాడికొచ్చి చూడుండ్రి."

"రోగమే ఇక్కడికి రావాలి. రోగం దగ్గరికి మేం వెళ్లే నిబంధన లేదు."

మర్నాడు అబ్బాస్ కొట్టంలోని బూజుపట్టిన గడ్డిని, దానిమీది బొగ్గుదుమ్ముతో సహా మూటగట్టి తెచ్చి, అధికారి ఎదుటే దులిపాడు. చమేలీ ఏ లోపమూ రాకుండా ఆయాసపడింది. (అధికారి కూడా దగ్గారు గానీ, ఆయన గుర్రం కాదు.) నిజం చెప్పొద్దూ, మంచి వైద్యమే నిర్ణయించారు. గడ్డి తడిపి పెట్టాలి, ఆరుబయట కట్టాలి, బొగ్గుదుమ్ము సోకే చోట పని చేయించరాదు. ఆ మాట టాంగా అడ్డాకూ చేరింది.

టాంగా అడ్డా ఉన్నది బొగ్గుగని ముందే. బేరాలన్నీ అక్కడివే. అడ్డా జమాదారు చమేలీని వెనక్కి పంపేశాడు. అబ్బాస్ మళ్లీ దవాఖానకు పరుగెత్తాడు.

"గుర్రానికి మంచిగైతే ఖుషే సాబ్. మరి మా ఇంటోళ్లం ఏం తినాలె?"

"వైద్యం గుర్రానికయ్యా, నీకు కాదు."

నాకు ఒళ్లు మండింది గానీ, ఉత్తర్వులో ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

చమేలీ ఇప్పుడు ఆరుబయట పచ్చిక మేస్తూ నిగనిగలాడుతోంది. జబ్బు నయమైందని పైవాళ్లకు తెలియజేశారు. అబ్బాస్ గనిలో బొగ్గు ఎత్తే పనికి కుదిరాడు.

"ఏం జేస్తం, దుమ్ముల పని చేయొద్దని దానికి ఉత్తర్వు వచ్చింది, నాకు రాలే" అంటున్నాడు, దగ్గు తెరిపి ఇచ్చినప్పుడు.