మూడు కిలోల తొమ్మిదో తరగతి

...అయినా తప్పెవరిదని? పెళ్ళాం అంకెలు చదివింది, తను కంప్యూటర్లో కొట్టాడు. కాగితం మీద ముందు బరువు, తర్వాత పుషప్‌లు. విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ముందు పుషప్‌లు, తర్వాత బరువు. ఆవిడ కూరలు తరుగుతూ అంకెలు చదువుకుపోతే, తను తల ఎత్తకుండా కొట్టుకుపోయాడు. పొద్దున్నే బడికొచ్చి, ఫిట్‌నెస్ పరీక్ష ఫలితాలు అందినట్టు రసీదు తీసుకుని మైదానంలో పడాలనుకున్న వ్యాయామం మాస్టరు, ఆ రసీదు చూసి కుర్చీలోంచి లేవలేకపోయాడు. తొమ్మిదో తరగతిలో బొద్దుగా ఉండే అమ్మాయి ఎనభై రెండు పుషప్‌లు తీసింది. బరువు మూడు కిలోలు. మిగతావాళ్లదీ అదే వరస.

చెప్పేయాలి. కానీ పెద్ద మేడమ్ నిన్ననే అంది: "ఈసారీ తప్పులు పంపారంటే గ్రౌండు లెక్కల మాస్టారికి అప్పగించి, మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెడతాను." నాలుగు గోడల మధ్య ఆయనకి ఊపిరాడదు. సినిమాకి వెళ్లినా విశ్రాంతి దాకా ఆగలేడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

ఈలోగా పెద్ద మేడమే పరుగున వచ్చింది. "మాస్టారూ, ఆరోగ్యశాఖ నుంచి ఫోను! మన పిల్లలు తిండిలేక ఎండిపోయారట. డాక్టరు పాలపొడి డబ్బాలతో బయల్దేరాడు. ఏంటండీ ఇది?"

"మేడమ్, అదీ..."

"ఉండండి, మళ్లీ మోగుతోంది."

తిరిగొచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "క్రీడాశాఖ! ఇంత గట్టి పిల్లలు రాష్ట్రంలోనే లేరట. కోచ్ వస్తున్నాడు. ఇన్నాళ్లూ మిమ్మల్ని తక్కువ అంచనా వేశానండీ!"

మాస్టరు లోపల ఏదో మూల చిన్న సంతోషం కదిలింది. తప్పు కన్నా దానికే ఎక్కువ భయపడ్డాడు.

రెండు బండ్లూ ఒకేసారి వచ్చి గేటులో ఇరుక్కున్నాయి. డాక్టరు ముందు దూకాడు. "ఆ మూడు కిలోల పాపని జాగ్రత్తగా ఎత్తుకు రండి!"

పాప నడిచే వచ్చింది. కోచ్ ఎగాదిగా చూశాడు. "ఎనభై రెండు నువ్వేనా తల్లీ? ఏదీ, ఓ పది తియ్యి."

"ఎనభై రెండా? మూడు తీస్తేనే మర్నాడు మంచం దిగలేదు సార్," అంది అమ్మాయి.

"మూడు నీ బరువు కదా?" అన్నాడు డాక్టరు. "మరి నీ అసలు బరువెంత?"

కిటికీల నిండా పిల్లలు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచేలోగా మాస్టరు అడ్డం వచ్చాడు. "ఆ పిల్లనేం అడక్కండి. అంకెలు తారుమారు చేసింది నేను."

అందరి ఎదుటే కూర్చుని అన్నీ సరిచేసి పంపాడు. లైబ్రరీ తాళాలు అడుగుదామని ఆఫీసు గదికి వెళ్లేసరికి పెద్ద మేడమ్ ఫోను పెట్టేసి నవ్వుతోంది.

"విద్యాశాఖ వాళ్లు మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారండీ! సగం బళ్లు ఇలాగే పంపాయట. ఒప్పుకుని దిద్దింది మీరొక్కరేనట. రేపట్నుంచి మీరు వాళ్లాఫీసులో. అందరి అంకెలూ కంప్యూటరు ముందు కూర్చుని దిద్దాలి."

"మరి గ్రౌండు, మేడమ్?"

"దానికేం, లెక్కల మాస్టారున్నారుగా."

మాస్టరు కిటికీలోంచి ఖాళీ మైదానాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత మెడలోని ఈల నోట పెట్టుకుని, ఆ గదిలోనే, గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు.

ఆఫీసంతా నిటారుగా లేచి నిలబడింది, ఆయన తప్ప.